వ్యూఫైండర్‌లో అంకెలు, ఎదుట అవ్వ



మా సంఘంలో పెండ్లిళ్ళకు, బాప్తిస్మాలకు ఫోటోలు తీసేది చాలా ఏండ్లుగా మేమే. మొదట మా చేతిలో ఉన్నది నికాన్ ఎఫ్‌ఎం10, రీలు కెమెరా. అందులో వెలుతురు సంగతి చెప్పడానికి మూడే గుర్తులు: ప్లస్, సున్న, మైనస్. సున్న వెలిగితే సరిపోయినట్టు. నడిమి వృత్తంలో రెండుగా చీలిన బొమ్మ కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. రీలుకు 36 ఫోటోలే గనుక ఎదుటివారి ముఖం బాగా చూసి నొక్కేవాళ్ళం.

తరువాత ఒక విశ్వాసి కుటుంబం నికాన్ డి3100 ఇచ్చింది. కన్ను పెట్టగానే 11 ఫోకస్ గుర్తులు, కింద వరుసగా షట్టర్ వేగం, ఎపర్చర్, ఇంకా ఎన్ని ఫోటోలు పడతాయో లెక్క, ఫోకస్ కుదిరితే వెలిగే పచ్చని చుక్క. మాకేమో అన్నీ మసకగా కనబడేవి.

ఆ క్రిస్మస్ ఆరాధన అయ్యాక, సంఘంలో అందరికంటే పెద్దదైన అవ్వ కొత్త చీర కట్టుకొని మందిరం మెట్ల మీద నిలబడింది. మేము అంకెలు చదువుతున్నాం. చుక్క వెలిగిందా, స్కేలు మధ్యకు వచ్చిందా అని చూస్తుండగానే ఆమె నవ్వింది, నవ్వు ఆగింది. "తీసిన్రా అయ్యగారూ?" అంటూ మెట్టు దిగడానికి తల వంచింది. అప్పుడు నొక్కాం.

సంక్రాంతి లోపే అవ్వ ప్రభువునొద్దకు వెళ్ళిపోయింది. ఫోటో కావాలని ఆమె కొడుకు వస్తే, వంచిన తల ఉన్న ఆ ఒక్కటే ఇవ్వగలిగాం. వెలుతురు మాత్రం సరిగ్గా ఉంది.

కెమెరాలో లోపమేమో అనుకొని ఒక సోమవారం మహబూబ్‌నగర్‌లో రైలెక్కి కాచిగూడలో దిగి, ఆటోలో ఆబిడ్స్ వెళ్ళాం. దుకాణంలోని పెద్దాయన కన్ను పెట్టి చూసి, "ఖరాబేం లేదు సార్, మీ కండ్లకు సెట్ చేసుకోలే" అన్నాడు. కన్ను పెట్టే అద్దం పక్కన చిన్న మీట చూపించాడు. మనిషిని చూస్తూ కాదు, లోపలి గుర్తులు చూస్తూ దాన్ని కదపాలట. కదిపాం. నలభై దాటిన మా కండ్లకు అంకెలు తేటగా కనబడ్డాయి. ఇంకో మాటా చెప్పాడు: "వెలుతురు మారనంతసేపు ఆ అంకెలు మళ్ళీ మళ్ళీ చూడొద్దు సార్. ముందే చూసి పెట్టుకోండి."

తిరుగు రైలు కోసం 1916లో కట్టిన ఆ కాచిగూడ స్టేషన్‌లో కూర్చొని అదే నేర్చుకున్నాం. కెమెరాను ఎం మీద పెట్టి, నీడలో ఉన్న గోడ చూసి అంకెలు కుదుర్చుకొని, ఇక వాటి జోలికి పోకుండా ముఖాలు చూడడం. రీలు కెమెరాతో మేము చేసినదీ అదే. అంకెలు ఎక్కువయ్యేసరికి మరిచిపోయాం.

ఆదివారం ఎంతమంది వచ్చారు, కానుక ఎంత అని రిజిస్టరులో రాస్తాం. ఆ లెక్క అవసరమే. అయితే ఇప్పుడు ఆరాధన ముగియగానే రిజిస్టరు తెరవడం లేదు. ముందు గుమ్మం దగ్గర నిలబడి, మెట్లు దిగే ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాం. అవ్వ నిలబడిన మెట్లు అవే.