స్పీకరు గురించి చదవడం

హై-ఫై పత్రికకు పుట్టుకతోనే ఒక చిక్కుంది. చెవికి తెలియాల్సినదాన్ని అది కంటికి చెప్పాలి. బ్రిటన్‌లో 1923లో కాంప్టన్ మెకంజీ ‘గ్రామఫోన్’ పత్రిక పెట్టిన నాటి నుంచీ ఈ చిక్కు తీరలేదు. అమెరికాలో 1962లో ‘స్టీరియోఫైల్’ మొదలుపెట్టిన జె. గోర్డన్ హోల్ట్, కొలతలు ఎంత బాగున్నా ఇంట్లో కూర్చుని విన్నదే అసలు తీర్పు అన్నాడు. విన్నది వర్ణించడానికి ఒక పదజాలాన్నే తయారుచేశాడు.

చిత్తూరు జిల్లా పూతలపట్టు లాంటి మండల కేంద్రంలో బంకులో ‘స్వాతి’ దొరుకుతుంది గానీ ‘స్టీరియోఫైల్’ దొరకదు. ఈ ప్రాంతపు మెకానిక్కులకు పనికొచ్చిన అచ్చు పత్రిక వేరే తరహాది: ఢిల్లీ నుంచి 1969లో మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ లాంటిది. సర్క్యూట్ పటం, దాని పక్కనే ఏ రెసిస్టరు ఎన్ని ఓమ్‌లో చెప్పే జాబితా. ఆ జాబితా జేబులో పెట్టుకుని చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళితే సామాన్లన్నీ దొరుకుతాయి. 2ఎన్3055 ట్రాన్సిస్టర్లను హీట్‌సింకుకు బిగించి, ట్రాన్స్‌ఫార్మరు తగిలిస్తే ఆంప్లిఫయరు సిద్ధం. రిపేరు బల్ల మీద పరిచిన కాగితం మీద సోల్డరు చుక్క పడి కాలినా పటం చెక్కుచెదరదు. ఫోను తెర అలా కాదు. చేతికి ఫ్లక్సు అంటుకున్నప్పుడే దాని వెలుగు ఆరిపోతుంది.

ఆన్‌లైన్ పత్రికల బలం వేగం. కొత్త పరికరం వచ్చిన వారంలోనే సమీక్ష వస్తుంది, తప్పుంటే మర్నాడే దిద్దుతారు. పాతవాటిని అందించడమూ ఆన్‌లైన్ బలమే: 1947లో పుట్టిన అమెరికా ‘ఆడియో’ పత్రిక 2000లో ఆగిపోయింది. దాని పాత సంచికలు చాలామందికి ఇప్పుడు స్కాన్ల రూపంలోనే అందుతున్నాయి. ఆన్‌లైన్ బలహీనత డబ్బు దగ్గరుంది. అచ్చు పత్రికలూ ప్రకటనల మీద బతికినవే. అయినా సమీక్ష కిందే ‘కొనండి’ లింకు, నొక్కితే రాసినవారికి కమీషను ఉన్నచోట, ‘ఇది కొనొద్దు’ అన్న వాక్యం అరుదవడంలో వింత లేదు.

స్పీకరు శబ్దాన్ని ఆన్‌లైన్‌లో నేరుగా వినవచ్చంటారు. సగమే నిజం. స్పీకరు ముందు మైకు పెట్టి తీసిన వీడియోను ఫోనులో ఇయర్‌ఫోన్లతో వింటే, చివరికి వినిపించేది ఆ ఇయర్‌ఫోన్ల గుణమే. పైగా సీడీ శబ్దం సెకనుకు 1,411 కిలోబిట్లయితే, యూట్యూబ్ సాధారణంగా ఇచ్చేది అందులో సుమారు పదో వంతు.

సంగీతం విషయానికొస్తే లెక్క తిరగబడుతుంది. ఆకాశవాణి ‘వాణి’ పత్రిక కార్యక్రమం ఎప్పుడు వస్తుందో అచ్చువేయగలిగింది, వినిపించలేకపోయింది. 1998లో మొదలైన ‘ఈమాట’ వెబ్ పత్రిక తన ‘శబ్దతరంగాలు’ శీర్షికలో పాత రేడియో రికార్డింగులను వ్యాసంతో పాటే వినిపిస్తుంది. ఆ పని కాగితానికి సాధ్యం కాదు.

కాగితమైనా తెరైనా ఇంగ్లీషు సమీక్షలకు ఇంకో కొరత ఉంది. వాళ్లు పరీక్షకు వాడేది ఎక్కువగా పియానో, జాజ్, ఆర్కెస్ట్రా. పియానోకు నచ్చిన ట్వీటరే (పైస్థాయి శబ్దాలు పలికే భాగం) కాణిపాకం గుళ్లో మోగే నాదస్వరం లాంటిది వేస్తే చెవులు కోయవచ్చు. చిత్తూరు నాగయ్య ‘త్యాగయ్య’ (1946) కాలపు 78 రికార్డుల్లో పైస్థాయి శబ్దం తక్కువ, ముల్లు గీరే చప్పుడు ఎక్కువ. ఖరీదైన ట్వీటరు ఆ చప్పుడునే ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

కాబట్టి సమీక్షలో ముందుగా కొలతల పట్టిక చూడాలి, విశేషణాలు తర్వాత. ఆపైన రోజూ వినే పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దుకాణానికి వెళ్లడం మంచిది. వినిపించనన్న దుకాణంలో కొనకపోవడం ఇంకా మంచిది.