చామనచాయ

మా వీధి చివరి పెంకుటింట్లో ఒక అమ్మమ్మా, ఏడేళ్ళ మనుమరాలూ ఉంటారు. పిల్ల తల్లి కువైట్‌లో ఒకరింట పనికి కుదిరి వెళ్ళి రెండేళ్ళు దాటింది. మా కోనసీమలో ఇది వింతేమీ కాదు. రాత్రివేళ, ఆ ఇంటివారి పనులన్నీ ముగిసిన తరువాత, ఆమె తల్లితో కాసేపు మాట్లాడుతుంది. అమ్మమ్మ ఫోను తెర పగిలిపోయింది. అందులో బొమ్మ మసక తప్ప మరేమీ కనబడదు. అందుచేత పోయిన వేసవిలో, మే నెల మొదటి వారాన, మనుమరాలిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది.

"మాస్టారండీ, పిల్లని చూడాలని అమ్మాయి ఒకటే గోలండీ. మీ ఫోనులో ఓ ఫొటో తీసి పంపిద్దురూ."

పిల్లకు కొత్త గౌను తొడిగి, తలకు నూనె రాసి, రెండు జడలు వేసి తెచ్చింది. గంట పన్నెండు కావస్తున్నది. వెలుతురు ఎంత ఎక్కువగా ఉంటే బొమ్మ అంత బాగా వస్తుందని నాకు బడిపంతులు ఉద్యోగంలో చేరిన నాటినుండీ నమ్మకం. సున్నం కొట్టిన ప్రహరీగోడ ముందు ఎండలో నిలబెట్టి, "ఏదీ, నవ్వమ్మా" అని ఒక బొమ్మ తీసి పంపించాను.

మరునాడు తొమ్మిది గంటలవేళ అమ్మమ్మ మళ్ళీ వచ్చింది.

"రాత్రి అమ్మాయి ఒకటే ఏడుపండీ మాస్టారూ. పిల్ల చిక్కిపోయింది, కళ్ళు గుంటలు పడ్డాయి, జొరమొస్తే నాకు చెప్పకుండా దాస్తున్నారా అంటందండీ. నేనెంత చెప్పినా నమ్మట్లేదండీ."

పిల్ల ఆమె వెనుక నిలబడి మామిడి టెంక చీకుతున్నది. దానికి ఏ జబ్బూ లేదు.

ఫోను తీసి ఆ బొమ్మను ఈసారి తల్లి కళ్ళతో చూచాను. కనుబొమల క్రింద రెండు నల్లని గోతులు. ముక్కు నీడ పై పెదవి మీద మరకలా పడింది. బుగ్గ ఎముకలు పైకి తేలి, వాటి దిగువభాగం లోపలికి పోయినట్లున్నది. మా ప్రాంతంలో మే మొదట్లోనూ, మళ్ళీ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు నుదురు ఇంటి చూరులా కళ్ళకు అడ్డుపడి వాటిని చీకటిలో ఉంచుతుంది. పిల్లకు లేని జబ్బును నేనే తెచ్చిపెట్టి సముద్రాల అవతల ఉన్న తల్లికి పంపాను. ఆ రాత్రిలోగా మరొక బొమ్మ పంపుతానని మాట ఇచ్చాను.

మొదట కొబ్బరితోటలోకి తీసుకొని వెళ్ళాను. నీడపట్టున ఉంటే చాలుననుకొన్నాను. కొబ్బరాకుల సందుల్లోంచి జారిన ఎండ పిల్ల ముఖాన పులిచారలు గీసింది. అక్కడినుండి అరటిబోదెల మధ్యకు చేరాము. చారలు పోయాయి కాని ఆకుల పచ్చదనం బుగ్గలకు అంటుకొన్నది. ఆ బొమ్మ పంపితే ఈసారి కామెర్లంటుంది తల్లి.

అహం విడిచి, పట్నంలో చాలాకాలం స్టూడియో నడిపిన నా పాత శిష్యుడికి ఫోను చేశాను. విభక్తులు ఎన్నడూ సరిగా అప్పజెప్పనివాడు వెలుతురును గురించి చక్కని పాఠం చెప్పాడు. "నీడ ఒక్కటే చాలదు మాస్టారూ. పిల్ల నీడలో ఉండాలి, ముఖం ఆకాశం కేసి ఉండాలి. చూరు కింద అంచుదాకా తెచ్చి కూర్చోబెట్టండి." విద్యుద్దీపాలు లేని కాలంలో స్టూడియోలకు ఉత్తరం వైపు పెద్ద అద్దాలు పెట్టించింది కూడా ఎండ నేరుగా పడని ఈ మెత్తని వెలుతురు కోసమేనట. తెల్లగోడ సంగతి విని నవ్వాడు. కెమేరా తాను చూచేదంతా నడితరపు వెలుగులో ఉండాలనుకొంటుంది. తెల్లగోడ ఎక్కువగా కనబడితే, వెలుగు మించిందనుకొని మొత్తాన్ని తగ్గించివేస్తుంది. గోడ బూడిదరంగుకు దిగుతుంది, గోడ ముందున్న చామనచాయ పిల్ల నల్లబడుతుంది.

చామనచాయ అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఛాయ అంటే నీడ, ఒంటి వన్నె కూడా. ఛాయాచిత్రం అని పేరు పెట్టినవారు రెంటినీ తలచే పెట్టారేమో. సూర్యుడి వేడికి తాళలేక సంజ్ఞాదేవి ఛాయను తన మారుగా నిలిపి వెళ్ళిన కథను ఏటేటా తరగతిలో చెప్పి, ఏటేటా పిల్లలను గ్రూపు ఫొటోకు ఎండకు ఎదురుగా నిలబెట్టినవాణ్ణి నేను. సూర్యుడు ఫొటోగ్రాఫరు వీపు వెనుక ఉండాలన్నది అప్పటి నియమం. ఆ బొమ్మలు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి. నొసళ్ళు ముడిచి, కళ్ళు చికిలించిన ముఖాలే అన్నీ. వెనుక వరుసలో నల్లని పిల్లలు కొందరు తెల్లచొక్కాల పైన వట్టి మచ్చలుగా మిగిలారు. వారి పేర్లు చెప్పగలను, ముఖాలు చూపలేను.

మా అరుగు తూర్పుముఖం. సాయంత్రం అయిదింటికి ఎండ ఇంటి వెనక్కు పోతుంది. వాకిలంతా నీడ, ఎదుట బోలెడంత ఆకాశం. పిల్లను అరుగు అంచున కూర్చోబెట్టి, దాని ముందు నేలమీద ఉతికిన తెల్లపంచె పరిచాను. పంచె మీద పడిన వెలుతురు తిరిగి పైకి లేచి గడ్డం క్రింది నీడను, కళ్ళ క్రింది నీడను తుడిచివేసింది. ఇంత సులభమా అని ఆశ్చర్యపోయాను. కళ్ళలో ఒక్కొక్క తెల్లని చుక్క మెరిసింది. ఆ చుక్క ఆకాశమే. అది లేకపోతే కన్ను ఎంత పెద్దదైనా బొమ్మలో జీవం ఉండదు.

తరువాత నా మోకాళ్ళ వంతు. నిలబడి తీస్తే పెద్ద తల, చిన్న కాళ్ళు వస్తాయి. పిల్ల కళ్ళకూ ఫోనుకూ ఎత్తు సమానం కావాలంటే నేను వాకిట్లో చతికిలబడవలసిందే. ముఖానికి మరీ దగ్గరగా పోతే ముక్కు ఉబ్బుతుంది కనుక నాలుగడుగులు వెనక్కు జరిగి, బొమ్మను రెండింతలు చేసుకొన్నాను. తెరమీద పిల్ల ముఖాన్ని వేలితో తాకి, వెలుగును సూర్యుడి గుర్తు దగ్గర కొద్దిగా పెంచాను. వన్నెను తెలుపు చేయడానికి కాదు సుమా, ఉన్నది ఉన్నట్లు కనబడడానికి. ముఖాలను తెల్లగా నున్నగా చేసే ఉపాయాలు ఫోనులో వేరే ఉన్నాయి. వాటి జోలికి పోలేదు.

నవ్వమని ఈసారి అడగలేదు. "కాకి గుడ్డు పెట్టదు, పాలిస్తుంది, అవునా?" అన్నాను. పిల్ల ఒక్క క్షణం నన్ను అనుమానంగా చూచి, పంతులుగారికి ఇది కూడా తెలియదని గ్రహించి పకపక నవ్వింది. అప్పుడు తీశాను.

పొద్దు వాలబోయే ముందు, నీరెండ పెరట్లోకి ఏటవాలుగా దిగినప్పుడు, వెలుగు దాని వీపున పడేటట్లు నిలబెట్టి మరొకటి తీశాను. నూనె రాసిన జడల అంచులన్నీ బంగారుపోగులైనాయి. నా వరకు ఆ రెండవదే అందమైనది. కాని తల్లి చూడవలసింది ముఖం కదా అని మొదటిదాన్నే ముందు పంపి, దాని వెనుక దీన్ని పంపాను. మాకు పదిన్నర అయితే కువైట్‌లో ఎనిమిది. పడుకొన్నానే కాని నిద్ర పట్టలేదు.

తెల్లవారి అమ్మమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"జొరం మాటెత్తలేదండీ. రెండు జడలూ ఒక ఎత్తున లేవని నన్ను దెబ్బలాడిందండీ. పిల్లకి ముందు పన్ను ఊడితే నాకు చెప్పలేదేం, ఆ పన్ను ఇంటి పెంకుల మీద వేశారా లేదా అని పదిసార్లడిగిందండీ."

"వేశారా?" అన్నాను.

"ఏదండీ, బళ్ళో ఎక్కడో పారేసుకొచ్చింది."