పర్చూరు దారిలో

ఫాల్గుణమాసమున చీరాలలో రైలు దిగి, బస్సులో పర్చూరునకు బయలుదేరితిమి. 1970 వరకు గుంటూరు, పిదప ప్రకాశము, 2022 నుండి బాపట్ల. జిల్లాలు మారినను ఈ సీమ మిరపఘాటు మారలేదు. నల్లరేగడి చేలనడుమ కళ్ళములన్నియు ఎఱ్ఱనై యుండెను.

ఉపాధ్యాయులగు నా భర్తయు నేనును దారిపొడవున మాటాడుకొనలేదు. నన్నడుగకయే మా పెద్దదాని చదువును గూర్చి తమ యన్నగారికి మాట యిచ్చిరని నా కోపము. కారణము చెప్పక, మౌనమే గౌరవమని యెంచితిని.

ఊరిచెంత కళ్ళములో వృద్ధదంపతులు తాలుకాయలేరుచుండిరి. "లోన తడి ఆరకుండానే పట్టా కప్పావేమయ్యా? బూజు పట్టదూ?" అని యామె గట్టిగా నడిగినది. ఆయన చిన్నబుచ్చుకొనక కాయలను మరల పరచినాడు.

సోదరీమణులారా! నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ పాదతాడనమునే చెప్పుకొని నవ్వుదుము. నాకది యెన్నడును రుచింపలేదు. పిమ్మట ఆమె తన యవమానమును విప్పి చెప్పుటయు, కృష్ణుడు వినుటయు మరతుము.

తిరుగుదారిలో "మీరు నన్నొకమాట అడుగవలసినది" అంటిని. వారు చాలసేపు చేలవంక చూచి, "అన్నయ్య యెదుట కాదనలేకపోయితిని" అనిరి. ఆ సంగతి నాకు తెలియదు. యిచ్చిన మాట నెట్లు మరలించుకొనుటయో చీరాల చేరునప్పటికిని తేలలేదు.