గోడలకి కొబ్బరిపీచు

పాత పెంకుటిల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టాక నాన్న పాటలు వినడం మానేశారు. మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. "ఏవిటోరా, బాలమురళి పాడుతుంటే మాట తెలీట్లేదు" అన్నారొకరోజు ఫోన్లో. బాలమురళీకృష్ణ పుట్టిన శంకరగుప్తం మాకు మరీ దూరం కాదు. ఆయన విషయంలో నాన్నకి మనూరి మనిషన్న చనువుంది. అందుకే చెవులు పోతున్నాయని తనకి తానే తీర్పు చెప్పేసుకున్నారు. రాజమండ్రి తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారు. నాన్న నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మలేదు.

దసరాకి వెళ్ళినప్పుడు ఖాళీ హాల్లో ఊరికే చప్పట్లు కొట్టాను. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు మోగింది. ఎదురెదురు గోడల మధ్య పదిన్నర అడుగులు, అంటే 3.2 మీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఆ రెండు గోడల మధ్యా సెకనుకి వంద సార్లకి పైగా కొట్టుకుంటుందన్నమాట. కింద గ్రానైటు, పైన స్లాబు, పక్కన అద్దాల బీరువా. పాతింట్లోనో? మట్టిగోడలు, నులకమంచాలు, మూలన ధాన్యం బస్తాలు. ఆ బస్తాలు పాటకి కూడా కాపలా కాశాయని అప్పుడెవరికి తెలుసు!

1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో మాట సుమారు ఐదున్నర సెకన్లు మోగుతూనే ఉండేదట. వాలెస్ సబీన్ అనే కుర్ర లెక్చరర్ రాత్రిళ్ళు పక్క థియేటర్ నించి సీటు దిళ్ళు మోయించి, పరిచి, స్టాప్‌వాచీతో కొలిచాడు. ఇప్పటి రూమ్ అకౌస్టిక్స్‌కి పునాది ఆ దిళ్ళే. ఆయనకి దిళ్ళు దొరికితే, కోనసీమలో మాకు పీచు దొరకదా?

గుడ్ల అట్టలు అంటించమని బావ సలహా. అనపర్తి వైపు కావలసినన్ని దొరుకుతాయి గానీ, అంత పల్చటి అట్ట ఆపగలిగేది బహు తక్కువ. పరుపులవాళ్ళ దగ్గర రబ్బరు పట్టించిన పీచు షీట్లు కొన్నాను. నాలుగడుగులకి రెండడుగుల చెక్క ఫ్రేము, 4 అంగుళాల మందం. పీచు పోగు మొద్దుది కాబట్టి పల్చగా వేస్తే దండగ. గోడకీ ఫ్రేముకీ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాను. పైన కప్పే గుడ్డకి పరీక్ష ఒక్కటే: నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి పోవాలి. అమ్మ సిల్కు చీరలన్నీ తప్పాయి. బండారులంక నేతచీర పాసైంది.

"కట్టుకోడానికి ఇచ్చిన చీర గోడకి కడతార్రా?" అంది. అంటూనే కత్తెర తెచ్చింది.

నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద అద్దం జరుపుతూ పోయాను. ఆయనకి అద్దంలో స్పీకరు ఎక్కడ కనపడితే అక్కడ ఒక ప్యానెల్. కుడిగోడకి ఒకటి, ఎడంగోడకి ఒకటి, వీపు వెనక రెండు. కింది స్థాయి గుంయ్‌మనడం మాత్రం పోలేదు. వంద హెర్ట్జ్ అల పొడవే 3.4 మీటర్లు, నాలుగంగుళాల పీచు దాన్నేం చేస్తుంది!

క్యాసెట్ పెట్టాను. నాన్న కళ్ళు మూసుకుని చరణం దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత మొహం చిట్లించారు. నాకు గుండె జారింది.

"శ్రుతి దిగిందేవిట్రా?"

నాకేమీ తెలియలేదు. డెక్కు విప్పి చూస్తే బెల్టు సాగిపోయి ఉంది.