సెన్సారు సాక్ష్యం

స్టీరింగు తేలికగా తిరుగుతున్నంత కాలం కారు నడిపేవారికి దాని ఊసే ఉండదు. అది బిగుసుకుపోయిననాడు గానీ, మన చేతుల బలానికి ఇంతకాలం మరొకటి తోడుగా ఉందన్న సంగతి గుర్తుకు రాదు. ఆ తోడే విద్యుత్ పవర్ స్టీరింగు. 1988లో జపానులో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో వచ్చిన ఈ ఏర్పాటు, నూనె ఒత్తిడితో పనిచేసే పాత పద్ధతిని చాలావరకు పక్కకు నెట్టింది. ఇవాళ మన ఊళ్ళలో తిరిగే చిన్న కార్లలో సైతం ఇదే కనిపిస్తోంది.

దాని పనితీరు ముచ్చటైనది. స్టీరింగు చక్రం నుంచి కిందికి దిగే ఇరుసు ఒకే ముక్క కాదు. పై ముక్కనూ కింది ముక్కనూ ఒక సన్నటి ఉక్కు కడ్డీ కలుపుతుంది. మనం చక్రం తిప్పబోగానే, టైర్లు నేలను పట్టుకుని మొరాయిస్తాయి కనుక, ఆ కడ్డీ కొద్దిగా మెలితిరుగుతుంది. ఆ మెలిక ఎంతో, ఏ వైపుకో కొలిచి చెప్పేది టార్క్ సెన్సారు. ఆ కొలతనూ, బండి వేగాన్నీ చూసుకుని, ఎంత సాయం చెయ్యాలో కంప్యూటరు మోటారుకు ఆజ్ఞాపిస్తుంది. బండిని ఇరుకు చోట నిలిపేటప్పుడు ఎక్కువ సాయం, రహదారి మీద వేగంగా పోయేటప్పుడు తక్కువ.

సెన్సారు అబద్ధం చెబితే మోటారు తనంత తానే చక్రాన్ని తిప్పేయగలదు. అందుకని సాక్షులను ఇద్దరిని పెట్టారు. ఒకే మెలికను రెండు సంకేతాలు వేరువేరుగా చెబుతాయి. చాలా కార్లలో కనబడే ఒక అమరికలో, చక్రం మీద చేయి లేనప్పుడు రెండూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. చక్రం తిప్పితే ఒకటి ఎంత పెరుగుతుందో రెండవది అంత తగ్గుతుంది. మొత్తం మాత్రం 5 వోల్టులే. ఆ లెక్క తప్పిందంటే కంప్యూటరు సాయం ఆపేసి, హెచ్చరిక దీపం వెలిగించి, తన జ్ఞాపకంలో ఒక కోడు రాసి పెట్టుకుంటుంది. చక్రానికీ టైర్లకూ ఉన్న లంకె తెగదు కనుక బండి మన మాట వింటూనే ఉంటుంది. కాకపోతే ఆ బరువంతా ఇక మన భుజాలదే.

ఆ బరువు అందరి భుజాలకూ ఒకటి కాదు. మా బాబాయికి 68 ఏళ్ళు. కుడి భుజానికి శస్త్రచికిత్స అయింది. వారానికి రెండుసార్లు పిన్నిని డయాలిసిస్ కోసం తెనాలి నుంచి గుంటూరు తీసుకువెళ్ళేది ఆయనే. కిందటేడు వానాకాలంలో ఆయన కారులో ఈ దీపం ఒకరోజు వెలిగి మరునాడు ఆరడం మొదలయింది. చూపించిన చోట స్కానరు పెట్టారు. టార్క్ సెన్సారు కోడు కనబడగానే, అది విడిగా దొరకదనీ, స్టీరింగు కాలమ్ మొత్తం మార్చాలనీ, 40 వేల రూపాయలకు పైగా అవుతుందనీ చెప్పారు. "పోనీలేరా, దీన్ని అమ్మేసి ఆటోలో తిరుగుతాం" అన్నారు బాబాయి. పిన్ని ఏమీ అనలేదు. డయాలిసిస్ ముగిసి తల నిలపలేని మనిషికి అంతదూరం ఆటో ప్రయాణం ఎలాంటిదో మా ముగ్గురికీ తెలుసు.

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగు పని మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరకు బండిని తీసుకువెళ్ళాము. "ఈ కోడు సెన్సారు పోయిందని చెప్పడం లేదండీ, సెన్సారు మాట సరిగా వినబడలేదంటోంది. నోరు పోయిందో, తీగ పోయిందో మనం చూసుకోవాలి" అన్నారాయన.

ముందు బ్యాటరీ కొలిచారు. విశ్రాంతిలో 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే 14 దగ్గర. తరువాత నన్ను కూర్చోబెట్టి, నిలిచినచోటే చక్రం తిప్పమని, ఎర్తు తీగ రెండు కొసల మధ్య మీటరు పెట్టారు. మోటారు 50 ఆంపియర్లు లాగుతుండగా, తుప్పు పట్టిన అతుకులో 0.1 ఓమ్ నిరోధం ఉన్నా 5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మోటారు పని చెయ్యనప్పుడు కొలిస్తే ఆ లోపం బయటపడదు. ఎర్తు బాగానే ఉంది.

అప్పుడు స్కానరు తెర మీద రెండు సంకేతాలనూ పక్కపక్కన పెట్టారు. నేను మెల్లగా తిప్పుతుంటే 2.9కి 2.1, 2.2కి 2.8. ఎటు తిప్పినా మొత్తం 5 వోల్టులే. సాక్షులిద్దరూ నిజమే చెబుతున్నారు. ఆయన డాష్‌బోర్డు కిందికి చేయి పోనిచ్చి తీగల కట్టను కదిపారు. ఒక అంకె ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది, దీపం వెలిగింది.

బ్యాటరీ తీగ విప్పి, పక్కనే ఉన్న ఎయిర్‌బ్యాగు తీగల జోలికి పోకుండా, సెన్సారు కనెక్టరు ఊడదీశారు. ఒక పిన్ను మీద పచ్చటి చిలుము. ముందు అద్దం రబ్బరు సందులోంచి వాననీరు తీగల వెంట దిగుతోంది. చిలుము తుడిచి, వదులైన పట్టు బిగించి, అద్దం అంచు మూయించారు. చివరగా టైర్లు తిన్నగా ఉంచి, చక్రం మీద చేయి వెయ్యకుండా, స్కానరుతో సున్నా స్థానం సరిచేశారు. ఆ సున్నా ఏ కాస్త తప్పినా బండి ఒక పక్కకు లాగుతుంది. ఖర్చు 1,200 రూపాయలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయారన్నమాట.

ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని అనను. తీగలన్నీ బాగుండి కూడా ఆ మొత్తం తప్పుతుంటే సెన్సారునో, కాలమ్‌నో మార్చక తప్పదు. స్టీరింగు దగ్గర సర్దుబాట్లు ప్రాణం మీదికి తెస్తాయి. అయితే డబ్బు కట్టే ముందు మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కోడు చూసి చెబుతున్నారా, తీగలు కొలిచి చెబుతున్నారా? బాబాయి వంటివారికి ఆ ప్రశ్న మీదే వారానికి రెండు ప్రయాణాలు ఆధారపడి ఉంటాయి.