ముగ్గురాయి ఊళ్ళో పాత టిప్పరు బేరం

మా పుట్టిల్లు మంగంపేట. ఉమ్మడి కడప జిల్లాలో రైల్వేకోడూరుకు దగ్గర, ఓబులవారిపల్లె మండలం. ఊరి పేరు చెబితే తెలియనివాళ్ళు కూడా బెరైటీస్ గనులు అనగానే "ఓహో, ఆ ఊరా!" అంటారు. మేం బెరైటీస్ అనం, ముగ్గురాయి అంటాం. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిల్వల్లో మా ఊరిదీ ఒకటి. పేరుకు ముగ్గురాయే గానీ ఇది పోయేది వాకిళ్ళలోకి కాదు, ఎక్కువభాగం చమురు బావుల్లోకి. బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు ఎగదన్నకుండా ఈ పొడిని బురదలా కలిపి బరువుగా పోస్తారట. కడుపు ఎక్స్‌రే తీసేముందు తాగించే తెల్లటి బేరియం మందుకు కూడా మూలం ఈ జాతి రాయే.

నన్నిచ్చింది రాజంపేటలో. పోయిన ఏడాది ఓ రాత్రి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, టిప్పరు బేరమైంది. ఎల్లుండి అడ్వాన్సు ఇయ్యాల. నువ్విస్తానన్న గాజులు తీసుకొని రా" అని. వాడు తొమ్మిదేళ్ళుగా వేరేవాళ్ళ టిప్పరు తోలుతున్నాడు. సొంతంగా ఒకటి ఉండాలని వాడి ఆశ. నాలుగు గాజులు, మరదలి హారం, అమ్మ దాచిన కాస్త డబ్బు, మిగతాది అప్పు. ఇదీ పెట్టుబడి.

పొద్దున్నే బస్సెక్కాను. పుల్లంపేట దాటి కోడూరు దారిలో పోతుంటే రెండు పక్కలా మామిడి, అరటి, బొప్పాయి తోటలు. కళ్ళకు ఎంత చల్లగా ఉంటుందో! మా ఊరు దగ్గరపడేసరికి ఆ పచ్చదనం మీదే బూడిద రంగు పడుతుంది. రాయిని పొడి చేసే మిల్లుల దుమ్ము అది. మా అమ్మ ఇప్పటికీ బట్టలు ఆరేసేముందు గాలి ఎటుందో చూస్తుంది. గని అంచు నుంచి లోపలికి చూస్తే మెట్లు మెట్లుగా దిగిపోయిన పెద్ద గొయ్యి, అడుగున చీమల్లా టిప్పర్లు. చిన్నప్పుడు మందుపాతర పేలే వేళకి గిన్నెలు గలగలమనేవి. పండగలకు వచ్చినప్పుడు ఇప్పుడూ వింటుంటాను.

అమ్మేది వరసకు మాకు మేనమామే. టిప్పరు వాళ్ళ ఇంటి ముందే ఉంది. నెమలికంఠం రంగు కొత్త పెయింటు, అద్దం మీద దేవుడి బొమ్మ, బంపరుకు నల్లతాడు. అడిగేది 12 లక్షలు. నిజం చెప్పొద్దూ, చూడగానే నాకే నచ్చేసింది. "అయినోళ్ళ బండి కాబట్టి తక్కువకిస్తా ఉండా" అన్నాడు మామ. అత్త కాఫీ ఇచ్చింది. అయినవాళ్ళ బండి కిందికి దూరి చూడటం ఎట్లా చెప్పండి? తమ్ముడికి ఆ మొహమాటమే.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంగటి కుండ కొనేటప్పుడు కూడా తట్టి చూడనిదే తీసుకోం కదా! తెల్లారాక నాన్నకు స్నేహితుడైన ఓ పాత మెకానిక్ అన్నను పిలుచుకొచ్చాను. తమ్ముడు నావైపు కోపంగా చూశాడు.

ఆయన ముందు బండి చూడలేదు, రాయి సంగతి చెప్పాడు. "తల్లీ, బిందెడు నీళ్ళు 15 కిలోలైతే ఈ రాయి ముద్దగా అంతే ఉంటే 60 కిలోల పైన తూగుతాది. తొట్టి సగం కూడా నిండకముందే తూకం అయిపోతాది. కంటికి ఖాళీ కనపడతా ఉంటే మనిషి ఊరుకుంటాడా? ఇంకో బకెట్టు ఏపిస్తాడు. ఆ బరువంతా చాసీ మీద, కమాను పట్టీల మీద పడతాది" అన్నాడు. తిరిగిన కిలోమీటర్లు తక్కువ అని తమ్ముడు మీటరు చూపిస్తే నవ్వాడు. గనిలో బండి తిరిగేది నాలుగడుగుల దూరం. కానీ లోడుతో ఫస్టు గేరులో ఎక్కుడు ఎక్కాలి, వంతు వచ్చేదాకా ఇంజను ఆడుతూనే ఉండాలి. ఆ అరుగుదల మీటరు మీదికి రాదు.

"బండి స్టార్టు చేసి పెట్టినా, సూడండి" అన్నాడు మామ. మెకానిక్ అన్న ఇంజను మీద చెయ్యి పెట్టి, "ఆపెయ్యి, చల్లారాక మళ్ళా సూద్దాం" అన్నాడు. వేడి ఇంజను ఎవరికైనా లేస్తుందట, చల్లటిది లేవాలట! రెండు గంటలు ఆగాం. ఈసారి నీలం పొగ వచ్చింది. నీలం అయితే ఇంజనాయిలు మండుతోందని. ఆయిలు పుల్ల తీసి నాకు చూపించి, ఇది మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్ళు కలిసినట్టని చెప్పాడు. దీంట్లో ఆ రోగం లేదు, సంతోషం.

తరవాత తొట్టి పైకెత్తించి అలాగే వదిలేసి టీ తాగుదాం రమ్మన్నాడు. పావుగంట తరవాత చూస్తే తొట్టి జానెడు దిగి ఉంది. అంటే ఎత్తే జాకీలో నూనె నిలవడం లేదన్నమాట. ముందు టైర్లు ఒకవైపే అరిగి ఉన్నాయి. చివరికి గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు. చిన్న సుత్తితో టంగు టంగున కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట చప్పుడు మారింది. పెయింటు గీకితే కింద వెల్డింగు అతుకు! పక్కన బోల్టుల చుట్టూ తుప్పు గీతలు. విరిగిన చాసీకి అతుకేసి రంగు పూశారు. తమ్ముడి మొహం పాలిపోయింది.

వద్దని చెప్పాల్సి వచ్చింది నాకే. మామ 2 లక్షలు తగ్గిస్తానన్నాడు. తమ్ముడు నా మొహంలోకి చూశాడు, తీసుకుందామన్నట్టు. చాసీ పోయిన బండిని లోడుతో గని ఎక్కుడు ఎక్కించే డ్రైవరు ఎవరు? వీడే కదా! గాజులు మళ్ళీ సంచీలో పెట్టుకుని, "వద్దులే మామా" అన్నాను. అత్త లోపలినుంచి బయటికి రాలేదు. తమ్ముడు ఆ పూట అన్నం తినలేదు.

నెల తిరక్కుండా కోడూరు పక్కన ఇంకోటి దొరికింది. చూడ్డానికి అసహ్యం. తలుపు సొట్ట, రంగు వెలిసింది. కానీ ఆ రంగు కంపెనీ నాడు వేసిందే. పిల్లల బొమ్మలోని అయస్కాంతం తీసుకెళ్ళి అక్కడక్కడా ఆనించి చూశాను, గట్టిగా పట్టుకుంది. లప్పం పూసి ఉంటే పట్టదట. ఇది నేను చేసిన పరీక్ష సుమా! చల్లటి ఇంజను రెండో తిప్పుకే లేచింది, పావుగంటైనా తొట్టి దిగలేదు. కాగితాలూ చూశాం. చాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ఆర్సీతో సరిచూశాం. ఫైనాన్సు తీరినట్టు కాగితం, పాత చలానాలు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్. ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలని అప్పుడే తెలిసింది. తొమ్మిదిన్నర లక్షలకు కుదిరింది.

వాకిట్లో పెద్ద ముగ్గు వేసి, నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. మొదటి లోడుతో వస్తుంటే పక్కింటి పెద్దమ్మ "ఏందే, సగం తొట్టితో పోతాడే మీవోడు?" అంది. తూకం చీటీ చూపించి, అంతకు మించి రాయి వేయించనని మా మరదలికి వాడు ఒట్టేశాడులెండి.

ఆ నీలం టిప్పరును ఎవరో బయటి ఊరివాళ్ళు కొనుక్కుపోయారట. మొన్న పెళ్ళిలో అత్త నా పక్కనే కూర్చుంది. బొట్టు పెడితే పెట్టించుకుంది గానీ పలకరించలేదు. నా గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ఉగాదికి విడిపిస్తానంటున్నాడు తమ్ముడు, చూడాలి.