జయాన్ లోయ: కొండలోని చీకటి, బండి దీపములు

అమెరికా దేశమునందలి యూటా రాష్ట్రమున జయాన్ అను నొక లోయ కలదు. లాస్ వేగాసు నగరమునుండి ఈశాన్యముగా సుమారు 160 మైళ్లు పోయినచో దీనిని చేరవచ్చును. వర్జిన్ అను చిన్న నది యుగయుగములుగా ఇసుకఱాతిని కోసికొనుచు పోగా నేర్పడిన లోయ యిది. ఇరుప్రక్కల కోటగోడలవలె నిలిచిన కొండలు కొన్నిచోట్ల 2,000 అడుగులకు మించిన యెత్తు గలవి. వాని క్రిందిభాగము కుంకుమవర్ణము. పైకి పోయినకొలది ఉతికి ఆరవేసిన నూలుచీరవంటి తెలుపు. 1909లో ప్రభుత్వమువారు దీనికి రక్షణ కల్పించినప్పుడు ముకుంటువీప్ అను పేరుంచిరి. 1919లో జాతీయోద్యానమైనప్పుడు జయాన్ అను పేరు స్థిరపడెను.

ఈ లోయనుండి తూర్పునకు పోవు బాట మిక్కిలి వింతయైనది. మెలికలు తిరుగుచు కొండ నెక్కి, తుదకు కొండలోనికే చొరబడును. ఈ సొరంగమును 1927లో త్రవ్వ మొదలిడి 1930లో ముగించిరి. పొడవు 1.1 మైలు. త్రవ్విన ఱాతిని బయటికి త్రోయుటకు కొండగోడకు గవాక్షములు తొలిచిరి. నేటికిని వానిగుండా ఒక్కక్షణము సూర్యకాంతి తళుక్కుమని, మరల కటికచీకటి క్రమ్ముకొనును. అరకు పోవు రైలులో సొరంగములను దాటిన మన సోదరీమణులకు ఈ వెలుగునీడల యాట క్రొత్త కాదు. కాని అచట దీపముల బాధ్యత రైలువారిది; ఇచట ఎవరి బండికి వారే బాధ్యులు. సొరంగములో దీపములు లేవు. ముందు దీపములు వెలిగించుకొనుడని ద్వారమువద్దనే పలక కట్టియున్నారు.

మేము పోయినది ఇరువది యేండ్లు దాటిన పికప్ ట్రక్కులో. మా వదినగారు నడుపుచుండిరి. వెనుక పీటమీద మా అమ్మగారును, పిల్లలిద్దరును ఉండిరి. ఆ బండికి దీపములు తమంతట తామే వెలుగు నేర్పాటు కలదు. ముందు అద్దము క్రింద, డాష్‌బోర్డుపైన, కుంకుమభరిణె మూతయంత నల్లని బొడిపె యుండును. దానిని సెన్సారందురు. వెలుతురు తగ్గెనని అది తెలుపగనే దీపములు వెలుగవలెను. ఇట్టి యేర్పాటు నేటిది కాదు. ఎదుటి బండి వెలుతురును చూచి మన దీపముల ప్రకాశమును తగ్గించు సాధనము 1952లోనే కాడిలాక్ బండ్లకు వచ్చినది. ప్రొద్దు గ్రుంకగనే దీపము వెలిగించునది 1964లో వచ్చినది.

సొరంగము చొచ్చి కొంతదూరము పోయినను మా బండిలోని వేగపు ముల్లు చీకటిలోనే యుండెను. ముందు మాత్రము మసక వెలుగు కలదు. అది పగటిపూట బండి ఇతరులకు కనబడుటకై యుంచిన చిన్నవెలుగు. అది వెలిగినంతమాత్రమున వెనుక ఎఱ్ఱదీపములు వెలుగవు. వంకర తిరిగిన ఆ చీకటిలో వెనుక వచ్చు పెద్దబండికి మేము కనబడనే కనబడము! ముల్లు చీకటిలో నుండుట చూడగనే వదినగారు మీటను చేతితో త్రిప్పిరి. ముందు వెనుకల దీపములన్నియు వెలిగెను. “దీపము పెట్టు వేళ యంత్రమున కేమి తెలియునమ్మా! మన చేయి మనకుండవలెను” అని మా అమ్మగారు నిట్టూర్చిరి.

ఆవలికి వచ్చి, బండ్లు నిలుపుచోట ఆగి, లోపమెక్కడనో విచారించితిమి. వదినగారి పద్ధతి వంటయింట చెడిన వంటకమునకు కారణము వెదకినట్లే యుండెను: ఒక్కొక్కటిగా తీసివేయుట. చేతిమీటతో దీపములన్నియు వెలిగినవి గనుక బల్బులు, వాని ఫ్యూజులు, తీగెలు బాగున్నట్లే. ఇక మిగిలినది వెలుతురును కనిపెట్టు భాగము. మీటను మరల స్వయంచాలకపు గుర్తునకు త్రిప్పి, సెన్సారుపై ధూళి తుడిచి, మా అమ్మగారి ముదురురంగు శాలువాను నాలుగు మడతలు పెట్టి కప్పితిమి. వంతెన నీడ పడినంతనే దీపములు వెలిగి ఆరకుండుటకై ఈ యేర్పాటులో కొంత జాగుంచెదరు. అందుచే నిండు నిమిషము వేచితిమి. ఫలము లేదు. ఎంత చీకటి కప్పినను సెన్సారు వెలుతురేయని చెప్పుచుండవలెను, లేదా దాని తీగెలో లోపముండవలెను.

అటుపిమ్మట బాట పొడవునను చేతిమీటయే మాకు దిక్కు. అడ్డగీతలు నిలువుగీతలు గళ్లచీరవలె పరచుకొన్న చెకర్‌బోర్డు మెట్టను కన్నులార చూచి, సంధ్యవేళకు కనాబు పట్టణము చేరితిమి. మరునాడు అచటి మెకానిక్కు ముందుగా తీగె బాగున్నదని పరీక్షించి, పాత సెన్సారును తీసి క్రొత్తది పెట్టెను. మరల అదే శాలువా కప్పగా కొన్ని క్షణములలో దీపములు వెలిగెను. తీయగా కొంతసేపటికి ఆరెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

సోదరీమణులారా! దీనికి విపర్యయమైన చిక్కును కలదు. డాష్‌బోర్డుపై గుడ్డయో, పటమో, బొమ్మయో సెన్సారును కప్పినచో పట్టపగలే దీపములు వెలుగుచుండును. అట్టియెడ మెకానిక్కును పిలుచుటకుముందు ఆ వస్తువును తీసి చూడవలెను. స్వయముగా వెలుగు దీపములు గలవారు నెలకొకసారియైనను గుడ్డకప్పి పరీక్షించుట మంచిది. వెలిగినప్పుడు ఒకరు దిగి వెనుకకు పోయి ఎఱ్ఱదీపములను చూడవలెను. ముందు వెలుగు మనము చూచుటకు. వెనుక వెలుగు మనలను ఇతరులు చూచుటకు. ఇంటినుండి పదిమందిని బండిలో కూర్చుండబెట్టుకొని పోవువారికి రెండును కావలసినవే.